ఆ బడ్డీ రేటు

2020లో ఈ దేశంలో ఒక ఘోరమైన అన్యాయం జరిగింది. ఆ ఏడాది అందరం మూతికి గుడ్డ కట్టుకుని వేరే గొడవలో ఉన్నాం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక ధర్నా లేదు, బంద్ లేదు, మా విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కనీసం ఒక ఫ్లెక్సీ కూడా లేవలేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో అప్పటిదాకా "ఈ మాటకు అర్థమేమి, ఆ మాటకు వ్యతిరేక పదమేమి" అని మర్యాదగా అడిగేవారు. దాన్ని తీసేశారు. దాని బదులు 450 మాటల దాకా ఉండే వ్యాసం ముక్క ఒకటి ఇచ్చి, చదివి, అర్థం చేసుకుని, జవాబు గుర్తించమన్నారు.

మళ్ళీ చెబుతున్నాను. చదివి, అర్థం చేసుకుని. ఇంటర్ పిల్లల్ని!

మా ఊళ్ళో ఇంటర్ అంటే రెండే కులాలు, ఎంపీసీ, బైపీసీ. వాళ్ళకు ఇంగ్లీషుతో పేచీ లేదు. ఇంజినీరింగ్ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే లెక్కలకు 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40. ఇంగ్లీషు వాటా సున్నా. హాయిగా ఉన్న ఆ లోకాన్ని వదిలిపెట్టి మా అమ్మాయి లా చదువుతానంది. దామోదరం సంజీవయ్య పేరున్న న్యాయ విశ్వవిద్యాలయం ఎంతో దూరం కాదు, విశాఖ పక్కన సబ్బవరంలోనే ఉంది. సరే అన్నాను. "మా పిల్లకి క్లాట్ అండీ" అని పక్కింటి మేష్టారితో చెబితే ఆయన చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "అయ్యో, మెదడులోనా, గుండెలోనా?" అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళావిడ పళ్ళు పట్టుకుని పరామర్శకు కూడా వచ్చింది.

పిల్లను మా ఊరి కోచింగ్ సెంటర్ ఒకదాంట్లో చేర్చాను. దాని పేరు చెప్పను. చెబితే ఫీజు వెనక్కి ఇవ్వరన్న భయం కాదు, చెప్పకపోయినా ఇవ్వరు. అక్కడి ఇంగ్లీషు సార్ దగ్గర 3,500 మాటల జాబితా ఉంది. రోజుకు ఇరవై చొప్పున మింగితే 175 రోజుల్లో ఇంగ్లీషు భాష అయిపోతుందని ఆయన లెక్క. లెక్కలో తప్పేమీ లేదు, నేను క్యాలిక్యులేటర్ మీద వేసి చూశాను.

జాబితా అచ్చు పుస్తకం కాదు. జెరాక్సుకి జెరాక్సు, దానికి మళ్ళీ జెరాక్సు. ఏ కాలంలో ఎవరు టైపు చేశారో తెలీదు గానీ, మార్జిన్లలో మూడు తరాల విద్యార్థుల చేతిరాత ఉంది. ఒకచోట "ఇది వస్తుంది", దాని కింద ఇంకో సిరాతో "రాలేదు". చాలాసార్లు కాపీ తీయడం వల్ల అక్షరాలు కొంచెం అరిగిపోయాయి. క్యాండర్ అన్న మాటలో ఇంగ్లీషు ఏ అక్షరానికి తోక ఊడిపోయి ఓ అయింది. దాంతో నిష్కపటం అన్న అర్థం ఉన్న మాట కాస్తా దక్షిణ అమెరికా రాబందు అయి కూర్చుంది. నెల రోజుల పాటు మా ఇంట్లో రాబందులు చాలా నిష్కపటంగా మసలుకున్నాయి.

ఇన్ని మాటలు గుర్తెలా ఉంటాయని మీకు అనుమానం రావచ్చు. అక్కడే ఉంది సార్ ప్రతిభ. గారులస్ అంటే వాగుడుకాయ. ఎలా గుర్తుంచుకోవాలి? గారెలు నములుతూ కబుర్లు చెప్పేవాడు. పార్సిమోనియస్ అంటే పిసినారి. ఎవరు? పర్సు మూసినాయన. లుగూబ్రియస్ అంటే ఏడుపుగొట్టు. లుంగీ ఊడితే ఏడవడా మరి! ఆబ్‌డ్యురేట్ అంటే మొండివాడు, చెప్పింది వినడు. బస్సుల కాంప్లెక్స్ బయట అరటిపళ్ళ బడ్డీ దగ్గర ఎంత బేరమాడినా ఆ బడ్డీ రేటు తగ్గదు. ఇవన్నీ విన్న రోజు నాకు కళ్ళు చెమర్చాయి. షేక్‌స్పియర్ భాషను లుంగీకి ముడివేసిన మనిషి నాకు తెలిసి ఇంకొకరు లేరు.

ఇంట్లో యుద్ధ వాతావరణం. ఎక్కడ చూసినా స్లిప్పులు. ఫ్రిజ్ మీద ఫ్రిజిడ్, కుక్కర్ మీద వొసిఫరస్, అంటే గోలపెట్టేది, నా పర్సు మీద పార్సిమోనియస్. మా అమ్మ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీకి గారులస్. మా అమ్మది బొబ్బిలి దగ్గర పల్లె, చదివింది మూడో తరగతి. కుర్చీ వెనక కాగితం చూసి, "ఇదేటే అమ్మడూ?" అంది. "ఎక్కువ మాట్లాడేవాళ్ళు అని మామ్మా" అని పిల్ల నిష్కపటంగా, అంటే రాబందులా, చెప్పింది. మా అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు నేను ఆఫీసుకెళ్ళాక నలుగురు నన్ను చూసి నవ్వుకున్నారు. మధ్యాహ్నానికి తెలిసింది, ఆ స్లిప్పు అన్నం మెతుకుతో నా చొక్కా వీపుకి అంటించి ఉందని.

మా ఊరికి ఈ ఇంగ్లీషు సంబరం కొత్తదేమీ కాదు. గురజాడ అప్పారావుగారు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన ఊరిది. 1892లో ఇక్కడే మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గిరీశం, శిష్యుడు వెంకటేశం ఇద్దరూ ఒకదానికొకటి పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తారు. అది విని వెంకటేశం తల్లి, ఆహా మా అబ్బాయికి ఎంత ఇంగ్లీషు వచ్చిందోనని పొంగిపోతుంది. నూట ముప్పై ఏళ్ళు దాటింది. ఆ తల్లి స్థానంలో ఇప్పుడు నేనున్నాను. తేడా ఏమిటంటే, ఆవిడ గిరీశానికి భోజనం పెట్టి ఊరుకుంది. నేను మూడు వాయిదాల్లో కట్టాను.

అప్పారావుగారు స్వయంగా ఇంగ్లీషులో కవిత్వం రాసినవారు కదా, ఆయన పద్ధతేమిటో చూద్దామని ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళాను. గోడలన్నీ వెతికాను. ఒక్క స్లిప్పు లేదు. అవతల శ్రీకాకుళం వైపు పుట్టిన గిడుగు రామమూర్తిగారి పని ఇంకా అన్యాయం. సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష మాట్లాడేవాళ్ళని ఇంట్లో పెట్టుకుని, వాళ్ళతో మాట్లాడి మాట్లాడి, ఆ తర్వాత ఎప్పటికో నిఘంటువు తయారుచేశారు. ఎంత కాలయాపన! మనం నిఘంటువు ముందు మింగేస్తాం, మాట్లాడ్డం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మధ్యలో మా అమ్మాయి ఒకసారి దారి తప్పబోయింది. "నాన్నా, రోజూ ఒక గంట ఇంగ్లీషు పేపరు చదువుతాను, ఎడిటోరియల్ పేజీ" అంది. సమయానికి నేను ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. "ముందు మాటలు పూర్తిచెయ్యి తల్లీ, చదవడం తర్వాత చదువుదువుగాని" అని నచ్చజెప్పాను.

మాక్ టెస్ట్ వచ్చింది. క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు, ఇంగ్లీషువి 22 నుంచి 26 దాకా. తప్పు జవాబుకి పావు మార్కు కోత. మాక్ కూడా అదే వరస. సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి బ్యాగు విసిరి, లుగూబ్రియస్‌గా కూర్చుంది. పేపరు తీసి చూశాను. 3,500 మాటల్లో ఒక్కటే వచ్చింది, ఆబ్‌డ్యురేట్. పిల్లకు బడ్డీ గుర్తొచ్చిందట. అరటిపళ్ళు గుర్తొచ్చాయి. బడ్డీ అతని మీసాలు కూడా గుర్తొచ్చాయి. అర్థం మాత్రం రాలేదు. రేటు తగ్గదన్న ముక్క పట్టుకుని, ఒక మొండి జడ్జిగారిని "ఖరీదైనవాడు" అని గుర్తించి వచ్చింది. జడ్జిల గురించి అలా గుర్తించడం లా చదవబోయే పిల్లకు అంత క్షేమం కాదు.

మిగతావి ఇంకా దారుణం. అడిగినవన్నీ మనం రోజూ వాడే మాటలే. క్వాలిఫైడ్ సపోర్ట్ అన్నాడు. మన దగ్గర క్వాలిఫై అయ్యాడంటే పరీక్ష గట్టెక్కాడని. పిల్ల "అర్హులైనవారి మద్దతు" అని పెట్టింది. కాదట, షరతులు పెట్టి ఇచ్చే సగం మద్దతట. అరెస్టెడ్ గ్రోత్ అన్నాడు. మన దగ్గర అరెస్టు అంటే జీపు రావాలి, టీవీల వాళ్ళు రావాలి. అక్కడ ఎదుగుదల ఆగిపోవడమట. శాంక్షన్ అంటే లోన్ శాంక్షన్, ఇల్లు శాంక్షన్. ఊళ్ళో చంటిపిల్లను లేపి అడిగినా చెబుతుంది. ఆ వ్యాసంలో దేశాల మీద శాంక్షన్లు పడ్డాయి, అంటే ఆంక్షలట. పిల్ల ఆ దేశాలన్నిటికీ లోన్లు ఇప్పించేసింది.

ఇలాంటి చిల్లర మాటలు మా జాబితాలో ఎందుకుంటాయి? అవి వచ్చనే కదా అనుకున్నాం.

సార్ దగ్గరకు వెళ్ళాను. "2020లోనే పద్ధతి మారిందట కదండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పరీక్ష మారిందండీ. మాటలు మారాయా?" అన్నారు. ఎంత లోతైన మాటో చూడండి. నేను మెట్లు దిగేదాకా దానికి జవాబు తట్టలేదు.

నిజానికి ఈ జబ్బు మన దగ్గర పుట్టింది కాదు. అమెరికా వాళ్ళ కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో ఈ మాటకి ఆ మాట ఎలాగో, ఫలానా మాటకి ఏది అలాగ అనే పోలిక ప్రశ్నలు ఉండేవి. 2005లో తీసేశారు. వాక్యంలో ఖాళీ ఇచ్చి గంభీరమైన మాటతో నింపించే ప్రశ్నలను 2016లో తీసేశారు. 2011లో అక్కడి పై చదువుల పరీక్ష జీఆర్‌ఈ కూడా వ్యతిరేక పదాలకు నీళ్ళు వదిలింది. మన తెలుగువాళ్ళలో ఒక తరం మొత్తం ఆ మాటల ఉప్పు తిని విమానం ఎక్కింది, ఆ కృతజ్ఞతయినా లేదు. మా బావమరిది నాలుగు వేల మాటలు మింగి వెళ్ళి ఇరవై ఏళ్ళయింది. ఇంతవరకు ఒక్కటీ వాడే సందర్భం రాలేదట. అయినా పారేయలేదు. పెళ్ళిలో పెట్టిన వెండి కంచంలా దాచుకున్నాడు.

ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. మా అమ్మ నా దగ్గరకొచ్చి, "ఏట్రా, గుంట అలాగుంది?" అంది. ఒక మాటకు ఒక అర్థం నేర్పితే పరీక్షలో ఇంకో అర్థం ఇచ్చారని, అది కుట్ర అని వివరించాను.

"ఏటి కుట్ర? 'ఆడు పోయాడు' అన్నామనుకో. బజారుకి పోయాడా, కాలం చేశాడా? చెప్పినోడి మొహం చూస్తే తెల్దేటి? సంచీ ఏదని అడుగుతూ చెప్తే ఒకటి, నోట్లో గుడ్డ కుక్కుకుని చెప్తే ఇంకోటి. దీనికి కూడా డబ్బులు కట్టావేటి?"

మూడో తరగతి చదివినవాళ్ళ అభిప్రాయాలు శాస్త్రీయమైన విషయాల్లో పరిగణించకూడదు కాబట్టి నేను టీవీ సౌండు పెంచాను.

అయితే తల్లిదండ్రుల ఆందోళనకు కోచింగ్ సెంటర్ స్పందించింది. ఆ విషయం ఒప్పుకోవాలి. వారం తిరక్కుండా సార్ కొత్త జాబితా తెచ్చారు. సందర్భాన్ని బట్టి అర్థం మారే మాటలు, మొత్తం 800, ఏ నుంచి జెడ్ దాకా, సందర్భాలు తీసేసి. రోజుకు ఇరవై చొప్పున నలభై రోజులు. దీనికి ఫీజు వేరు, జెరాక్సు మనమే తీయించుకోవాలి.

మా ఇంట్లో పాత స్లిప్పులు పీకేసి కొత్తవి అంటించారు. మా అమ్మ కుర్చీకి ఈసారి శాంక్షన్ వచ్చింది. కింద తెలుగులో, ఒకటి మంజూరు, రెండు శిక్ష. మా నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ బకాయి ఒకటి ఏదో ఆఫీసులో ఏడాదిన్నరగా పడి ఉంది. నిన్న మధ్యాహ్నం అక్కడి నుంచి ఫోనొచ్చింది. నేను విని, "అమ్మా, శాంక్షన్ అయిందట" అని అరిచాను. మా అమ్మ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి తిరిగి, కళ్ళజోడు పెట్టుకుని, స్లిప్పు మీద వేలు పెట్టి రెండు వరుసలూ నెమ్మదిగా కూడబలుక్కుని చదువుకుంది.

"ఇందులో నాకేదయిందిరా?"