సిగ్నల్ ప్రాసెసింగ్‌కు అప్పుడే నీళ్లొదలకండి

"సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఇక పరిశోధన చేయడానికేమీ లేదు, డీప్ లెర్నింగ్ దాన్ని మింగేసింది" అన్న మాట ఈమధ్య తెగ తిరుగుతోంది. సిగ్నల్ ప్రాసెసింగ్ అంటే ధ్వని, బొమ్మ లాంటి సంకేతాలను లెక్కలతో విశ్లేషించి మలిచే శాస్త్రం; డీప్ లెర్నింగ్ అంటే ఎన్నో పొరలున్న న్యూరల్ నెట్‌వర్కులకు ఉదాహరణల నుంచి నేర్పడం. న్యూరల్ నెట్‌వర్క్ ముడి డేటా నుంచే అన్నీ నేర్చుకుంటుందట, సిద్ధాంతమంతా 1960లకే పూర్తయిందట, పైగా కంప్యూటర్లు చవకయ్యాయి కాబట్టి లెక్కల్లో పొదుపు అక్కర్లేదట.

ముందు ఆ ముడి డేటా సంగతి. మాటల్ని అక్షరాల్లో పెట్టే విస్పర్‌ను ఓపెన్ఏఐ 2022లో విడుదల చేసింది. అందులో సెకనుకు 16,000 శాంపిళ్లు (కొలతలు) ఉన్న ఆడియో మీద 25 మిల్లీసెకన్ల విండోను 10 మిల్లీసెకన్ల చొప్పున జరుపుతూ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ తీస్తారు, అంటే అందులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో లెక్కిస్తారు. దాన్ని మన చెవి వినే తీరుకు తగ్గట్టు విభజించిన 80 మెల్ బ్యాండ్లలోకి సర్ది, లాగరిథమ్ వేశాకే నెట్‌వర్క్‌కు అందిస్తారు. నేరుగా తరంగం నుంచే నేర్చుకునే మోడళ్లూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ తరంగం కూడా ఎలియాసింగ్ (వేగంగా మారే భాగాలు శాంపిళ్లలో నెమ్మదివిగా కనిపించి మోసం చేయడం) రాకుండా ఫిల్టర్ చేసి శాంపిల్ చేసినదే.

సిద్ధాంతం పూర్తయిందనడం మరీ విడ్డూరం. కాండెస్, రోంబెర్గ్, టావో, డోనోహోల కంప్రెస్డ్ సెన్సింగ్ (కొద్ది కొలతల నుంచే పూర్తి సిగ్నల్‌ను రాబట్టే పద్ధతి) పేపర్లు వచ్చింది 2006లో. ఎంఆర్ఐ స్కాన్ సమయం తగ్గించడానికి ఇప్పుడు దాన్ని వాడుతున్నారు.

అంతకంటే ఆసక్తికరమైనది నెట్‌వర్కుల లోపలే జరిగింది. బొమ్మను ఒక్క పిక్సెల్ పక్కకు జరిపితే చాలు, బొమ్మల్ని గుర్తుపట్టే కన్వల్యూషన్ నెట్‌వర్క్ చెప్పే జవాబు ఒక్కోసారి మారిపోయేది. ఎందుకంటే పొరపొరకూ శాంపిళ్లు తగ్గిస్తున్నారు గానీ, ముందుగా లో-పాస్ ఫిల్టర్ (వేగంగా మారే వివరాలను తీసేసేది) వేయడం లేదు. డిగ్రీ విద్యార్థి పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి! 2019లో పరిశోధకుడు రిచర్డ్ జాంగ్ ఆ ఫిల్టర్‌ను తిరిగి పెట్టి చూపిస్తే, బొమ్మల గుర్తింపుకు పేరున్న పరీక్ష ఇమేజ్‌నెట్‌లో కచ్చితత్వం కూడా పెరిగింది. 2021లో కృత్రిమ ముఖాల బొమ్మలు తయారుచేసే స్టైల్‌గాన్3 ఇదే దారి పట్టింది. అంతకుముందు, తయారైన ముఖం కదులుతున్నా జుట్టు, గడ్డం తెర మీద పిక్సెళ్లకు అతుక్కుపోయినట్టు ఉండేవి. లోపలి పొరల్ని నిరంతర సిగ్నళ్లుగా భావించి మళ్లీ డిజైన్ చేశాకే ఆ అతుకు వదిలింది. మింగేసిందంటున్న శాస్త్రమే ఇక్కడ లోపలికెళ్లి మరమ్మతు చేసింది.

చవక కంప్యూటర్ల వాదనకు హియరింగ్ ఎయిడ్ ఒక్కటి చాలు. చిన్న బ్యాటరీతో, కొద్ది మిల్లీసెకన్లలో పని ముగించాలి. ఆలస్యమైతే పెట్టుకున్నవారికి సొంత గొంతే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

చేత్తో తయారుచేసిన ఫీచర్లతో బొమ్మలు గుర్తుపట్టే పద్ధతి 2012 తర్వాత వెనకబడింది, నిజమే. అది ఈ రంగంలో ఒక మూల మాత్రమే. 2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో పరికరాలకు చిక్కిన గురుత్వ తరంగానికి, నేర్చుకోవడానికి అంతకుముందు ఒక్క అసలు ఉదాహరణ కూడా లేదు. సాపేక్ష సిద్ధాంతం నుంచి లెక్కగట్టిన నమూనాలతో మ్యాచ్డ్ ఫిల్టరింగ్ (డేటాను నమూనాతో సరిపోల్చి చూడడం) చేసి దాన్ని నిర్ధారించారు. 2030ల మధ్యలో అంతరిక్షంలోకి వెళ్లాల్సిన గురుత్వ తరంగాల వేధశాల లీసాకు వేల జంట నక్షత్రాల తరంగాలు ఒకేసారి, ఒకదానిమీద ఒకటి పడి వినిపిస్తాయి. వాటిని విడదీసే పద్ధతుల మీద ఇప్పటికీ పని నడుస్తూనే ఉంది.