శ్రీయుత స్కాన్ పీడీఎఫ్ గారికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నం క్లాసు వాట్సాప్ గ్రూపులోకి తమరు వేంచేశారు. రెండో యూనిట్, 46 పేజీలు, సోమవారం ఇంటర్నల్. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్‌రీడర్ ఎన్‌వీడీఏ పెట్టుకుని ఇన్సర్ట్‌తోపాటు కింది బాణం ఎన్నిసార్లు నొక్కినా తమరు ఒక్క ముక్క పలకలేదు. మౌనవ్రతం కాబోలు. కళ్లున్నోళ్లకు తమరు నోట్సు, చూపు లేని పిల్లోళ్లకు 46 ఫోటోలు.

తమరి పుట్టుక సంగతి మాకు తెలీకపోలేదు. సారు టైపు చేయించిన రోజు తమరిలో అక్షరాలుండేవి. దాన్ని ప్రింటు తీశారు. ఆ ప్రింటుకు టవర్ క్లాక్ కాడ జిరాక్సు తీశారు. ఉగ్గాని తింటూ చదివినోడెవడో నూనె మరక అంటించాడు. ఆ కాగితాలకే బొటనవేలి నీడతో సహా ఓరగా ఫోన్‌లో ఫోటోలు కొట్టి మళ్లీ పీడీఎఫ్ చేశారు. అసలు ఫైలు మాత్రం సారు పెన్‌డ్రైవ్‌లో నిక్షేపంగా ఉంది! దాన్ని పంపడానికి అర నిమిషం చాలు. తమరిని తయారుచేయడానికి పూటంతా పట్టుంటుంది.

గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్స్‌తో తెరవండి, అక్షరాలు తిరిగొస్తాయి అంటారు. అచ్చు నిటారుగా, నీడ లేకుండా ఉంటే వస్తాయి. ఓరగా ఉంటే ఒత్తులు రాలిపోతాయి, పట్టికలో అంకెలు వరుసలు మారతాయి. చేతిరాతైతే దేవుడే దిక్కు. చూపున్న మనిషి పక్కన కూచుని సరిచూడాల్సిందే. అంత తీరికున్న మనిషి దొరికితే తమరితో పనేముంది?

అనూ అనే పాత తెలుగు ఫాంటులో పుట్టిన తమరి తమ్ముడుగారు ఇంకో రకం. ఇంగ్లీషు గుర్తులకు తెలుగు ముసుగేసుకుని వస్తారు. స్క్రీన్‌రీడర్‌కు ముసుగు కనపడదు, గుర్తులే చదివి వినిపిస్తుంది.

ఇక క్లాసులో చెవులు వినపడని పిల్ల సారు పెదాలు చూడాలా, తలొంచి రాసుకోవాలా? పక్కనోడు కార్బన్ పేపరు పెట్టి రాస్తే రెండో కాపీ ఊరికే వస్తుంది. ఆ పని చేయమని కూడా ఎవరూ ఎవరినీ అడగరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం, 16వ సెక్షను, ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లకు ఏర్పాటు చేయమంది. 17వ సెక్షను పుస్తకాలు, సామగ్రి ఉచితంగా ఇమ్మంది, 18 ఏళ్లు నిండేదాకా. డిగ్రీలో చేరేదే ఆ వయసుకు! పరీక్షకు మాత్రం మనం చెప్పింది రాసిపెట్టే స్క్రైబు ఉంటాడు, గంటకు 20 నిమిషాలు అదనం కూడా. చదవనిదాన్ని చెప్పి రాయించడానికి ఆ టైము ఏం చేసుకోవాలి?

ఇంగ తమరు గిమరు లేదప్పా. నిన్ను గ్రూపులో వదిలే ముందు ఎవరైనా నీలోంచి ఒక పదం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూశారా? ఏమీ రాకపోతే బొమ్మ. గజిబిజి వస్తే అనూ. తెలుగు వస్తేనే నోట్సు.

సారు పెన్‌డ్రైవ్‌ను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
46 పేజీలూ తెరుచుకుని కూచున్నోళ్లు