ఏ బాకీయో చెప్పరు, కట్టమని మాత్రం వేధిస్తారు

ఎప్పటిదో క్రెడిట్ కార్డు బాకీ అంటూ బ్యాంకు తరఫు వసూలు ఏజెంటు ఫోన్. అసలెంత, ఆఖరి కిస్తీ ఎప్పుడని అడిగితే జవాబుండదు. "ముందు ఐదు వేలు వెయ్యండి సార్, సెటిల్ చేయిస్తాం" అని ఒకటే పాట. ఒళ్లు మండిపోతుంది!

ఆ ఐదు వేలు వేయకండి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం తాకట్టు లేని అప్పుకు కోర్టులో దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లు. ఆ లోపు కొంత కట్టి అది రాతలో ఉన్నా, బాకీ నిజమేనని సంతకంతో రాసిచ్చినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గడువు తీరాక కూడా, కడతానని సంతకం చేసిస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది చెల్లుతుంది. వాళ్లు తొందరపెట్టేది ఇందుకే. వాట్సాప్‌లో "వచ్చే నెల చూస్తాను" అని కూడా పెట్టొద్దు.

ఏజెంటుతో వాదన దండగ. బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ చేయండి. "ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు" అనేది మొదటి వాక్యం. తర్వాత ఒప్పంద పత్రం, స్టేట్‌మెంట్, వసూలు ఏజెన్సీకిచ్చిన అధికార పత్రం అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు. మన అప్పుల చిట్టా ఉంచే సిబిల్ లాంటి నాలుగు సంస్థలూ ఏడాదికోసారి ఉచితంగా రిపోర్టు ఇస్తాయి. మీ పాన్ మీద తెలియని లోన్ కనిపిస్తే అక్కడే డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. కోర్టు సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి, వెళ్లి, గడువు తీరి ఉంటే ఆ మాట చెప్పాలి.

ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయకూడదన్నది ఆర్‌బీఐ మాట. అయినా రాత్రి తొమ్మిదింటికి బావమరిదికి ఫోన్ చేసి పరువు తీస్తారు. ఆ కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జత చేయండి.