రెండే రెండు ముక్కలు

నగరానికి ఒక ప్రమాదం ముంచుకొస్తోంది. అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, ‘స్టేజ్ ఫియర్ పోగొట్టబడును’ అన్న కాగితం అంటిస్తున్నారు. అది నిజంగానే పోతే మన గతేమిటని ఒక్కరైనా ఆలోచించారా?

నేనూ ఒకప్పటి రోగినే. చిక్కడపల్లిలో ఓ సభలో వందన సమర్పణ నా నెత్తిన పడింది. నాలుగు పేర్లు చదివి దిగిపోవడమే పని. నన్ను పిలిచేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చేతిలో కాగితం తాటాకులా గలగలమంటుంటే మైకు ఆ చప్పుడును హాలంతా వినిపించింది. ‘మహోపన్యాసం చేసిన మైకు సెట్టు వారికి’ అనేసి కుర్చీలో కూలబడ్డాను. మొత్తం ముప్పై సెకన్లు. ఆ రోజు అందరికంటే ఎక్కువ చప్పట్లు నాకే పడ్డాయి. జాలిపడ్డారనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

ఈ జబ్బులో మర్మమేమీ లేదు. వందల కళ్లు ఒక్కసారిగా మీద పడితే అవి శ్రోతలవో పులులవో ఒంటికి తెలియదు. అడ్రినలిన్ ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది, నోట్లో తడి ఆరిపోతుంది. నిజానికి మన కంగారు మనకు తెలిసినంతగా ఎదుటివాళ్లకు కనిపించదు. సవిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఒక్క ముక్క ముందుగా చెవిన వేస్తే, విద్యార్థులు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారని 2003లో తేల్చారు. ఇంత చవకైన మందును బయటికి పొక్కనివ్వడం ఎంత బాధ్యతారాహిత్యం!

భయం పోయినవాళ్లను మనం చూడటం లేదా? ‘సమయాభావం వల్ల రెండే రెండు ముక్కలు’ అని మొదలుపెడతారు. మొదటి ముక్క వేదికనలంకరించిన పదకొండుమందిని పేరుపేరునా పలకరించడానికే చాలదు. రెండోది తమ బాల్యంలో బయల్దేరి ఎమర్జెన్సీ దాకా వచ్చేసరికి నిర్వాహకుడు చీటీ అందిస్తాడు. దాన్ని చదివి, చిరునవ్వు నవ్వి, మడిచి జేబులో పెట్టుకుంటారు. ‘ఇక ముగిస్తాను’ అన్నా ఎవరూ కాళ్లతో చెప్పులు వెతుక్కోరు, అనుభవం అలాంటిది. వెనక బల్లమీద సమోసాలు చల్లారి, వాటి నూనె కాగితానికి ఎక్కుతూ ఉంటుంది.

గాంధీగారిని చూడండి. బొంబాయిలో తొలి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోరు పెగలక కూర్చుండిపోయి, 30 రూపాయల ఫీజు వదులుకున్నారు. ఆ బెరుకే తనకు మాటల పొదుపు నేర్పిందని తర్వాత ఆయనే రాసుకున్నారు. ఇప్పుడైతే ఎవరో పట్టుకెళ్లి అమీర్‌పేటలో చేర్పించేవారు.

మొన్న మళ్లీ ఓ సభకు వెళ్లాను. చిట్టచివర వందన సమర్పణకు ఓ కుర్రాడు లేచాడు. చేతిలో కాగితం గలగల. పక్కాయన ‘భయపడకు బాబూ, నిదానంగా మాట్లాడు’ అన్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. అప్పటికి హాల్లో మిగిలినవాళ్లం తొమ్మిదిమందిమి, అందులో ఇద్దరు మైకు సెట్టు వాళ్లు.