ఎస్‌ఎస్‌హెచ్‌ను కన్సోల్ అనుకోకుండ్రి

హన్మకొండ, కాజీపేట దిక్కు షాపుల్ల, కోచింగ్ సెంటర్లల్ల, అపార్ట్‌మెంట్ కెమెరా రూముల్ల మానిటర్ లేని లైనక్స్ కంప్యూటర్ డబ్బాలు బాగా పెరిగినయ్. మంచిదే. కాని పెట్టేటోళ్లు నెట్‌వర్క్ మీదుగ దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటి ఆన్ చేసి పోతున్నరు, అదే నా బాధ. మిషిన్ లేచి, నెట్‌వర్క్ వచ్చినంకనే ఎస్‌ఎస్‌హెచ్ పలుకుతది. ఎండకాలం గాలిదుమారానికి కరెంటు పోయి వచ్చిందనుకోండ్రి. ఏ డిస్క్ యాడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌ల రాసిన బయటి హార్డ్‌డిస్క్ దొరకకపోతే మిషిన్‌ను లేపే సిస్టమ్‌డి ప్రోగ్రామ్ 90 సెకన్లు చూసి, బూట్ ఆపి ఎమర్జెన్సీ మోడ్‌ల కూసుంటది. ఇగ మానిటర్, కీబోర్డ్ బండి మీద కట్టుకొని ఉరుకుడే.

సీరియల్ కన్సోల్ కోసం, అంటే నెట్‌వర్క్ లేకున్నా వైరు మీదుగ మిషిన్ తెర, కీబోర్డ్ లెక్క పనిచేసే దారి కోసం, మూడు వైర్లు ముందే పెడితే ఈ తిప్పల ఉండది. రాస్‌బెర్రీ పై 3, 4లకైతే 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ ముక్క చాలు. 6వ పిన్ గ్రౌండ్, 8వది టీఎక్స్ (పంపేది), 10వది ఆర్ఎక్స్ (అందుకునేది). ఇటు టీఎక్స్ అటు ఆర్ఎక్స్‌కు పోవాలె. టీఎక్స్‌ను టీఎక్స్‌కే కలిపితే స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాదు. వైర్ల రంగులు నమ్మొద్దు, బోర్డు మీది అచ్చు చూడాలె. రాస్‌బెర్రీ పైకి దాని అడాప్టర్ ఉన్నప్పుడు 5 వోల్టుల వైరు అసలే తగిలించొద్దు. పాత పీసీ వెనుక ఉండే 9 పిన్నుల ఆర్ఎస్-232 నుంచి నేరుగ రాస్‌బెర్రీ పైకి కలిపితే ఆ వోల్టేజీకి పిన్ను కాలిపోతది. బోర్డు బూట్ సెట్టింగుల ఫైలు కాన్ఫిగ్.టీఎక్స్‌టీల 'ఎనేబుల్_యూఏఆర్‌టీ=1' రాయాలె. స్పీడు 115200, పిచ్చి గీతలు వస్తే స్పీడు తప్పిందన్నట్టు.

అక్షరాలు వస్తున్నయ్ గాని టైపు చేస్తే పోతలేవా? సీరియల్ తెర చూపే మినీకామ్ ప్రోగ్రామ్‌ల హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (పంపాల్నా, ఆగాల్నా అని వేరే వైరు మీద చెప్పేది) ఆన్ ఉంటది. మూడు వైర్లల్ల ఆ సిగ్నల్‌కు వైరే లేదు. ఆఫ్ చేయుండ్రి. మస్తు మంది ఇక్కడనే వైరు పాడైందని పారేస్తరు.

పీసీకైతే నల్ మోడెమ్ కేబుల్ కావాలె, 2, 3 పిన్నులు అడ్డంగ మారినది. మిషిన్ లేవంగనే లైనక్స్‌ను ఎక్కించే గ్రబ్‌ల, కెర్నల్ (లైనక్స్ గుండె) లైన్‌కు 'కన్సోల్=టీటీవై0' (తెర), దాని తర్వాత 'కన్సోల్=టీటీవైఎస్0,115200' (సీరియల్ పోర్టు) పెట్టాలె. ఈ వరుస ముఖ్యం, ఆఖరుది అసలు కన్సోల్ అయితది. గ్రబ్ మెనూ గూడ సీరియల్‌కు మళ్లించాలె, లేకుంటే పాత కెర్నల్ ఎంచుకునే దారి ఉండది. సర్వర్ బోర్డుకు ఐపీఎంఐ (బోర్డు మీద విడిగ ఉండే రిమోట్ కంట్రోల్ సౌకర్యం) ఉంటే దాంట్ల సీరియల్ ఓవర్ ల్యాన్ వాడుండ్రి, మిషిన్ ఆఫ్ ఉన్నా ఐపీఎంఐ అందుతది.

ఇంకోటి. ఉబుంటుల, రాస్‌బెర్రీ పై ఓఎస్‌ల అన్ని హక్కులున్న రూట్ అకౌంట్ లాక్ అయి ఉంటది. ఎమర్జెన్సీ మోడ్‌ల "రూట్ లాక్ ఉంది" అని కన్సోల్ మీద కనిపించి లోపలికి పోనియ్యదు. రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టుండ్రి. ఎఫ్‌స్టాబ్‌ల బయటి డిస్క్ లైన్‌ల 'నోఫెయిల్' రాయుండ్రి, డిస్క్ లేకున్నా బూట్ ఆగదు. డబ్బా మూత బిగించే ముందు ల్యాన్ వైరు పీకి, రీబూట్ కొట్టి, సీరియల్ నుంచి లాగిన్ అయి చూడుండ్రి.