ముందే అమ్ముకున్న పంట

ఘానాలో కోకో రైతు కాయలు పగలగొట్టి, గింజలపై అరటాకులు కప్పి, ఐదారు రోజులు పులియబెడతాడు. వెదురు తడకల మీద ఆరబోస్తాడు. ఎండాక 64 కిలోల గోనె బస్తాల్లోకి ఎత్తుతాడు. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను కోకో 10,000 డాలర్లకు పైగా పలికింది. అదే నెలలో ఘానా ప్రభుత్వం తాను రైతుకు నిర్ణయించే ధర పెంచింది. పెంచాక కూడా ఆ బస్తాకు రైతు చేతికి వచ్చింది 2,070 సెడీలు (ఘానా కరెన్సీ). టన్నుకు లెక్కేస్తే సుమారు 2,500 డాలర్లు.

మిగతాది చాక్లెట్ కంపెనీలు తిన్నాయనడం తేలిక, అవినీతి అనడం ఇంకా తేలిక. అసలు చిక్కు అప్పులో ఉంది. ఘానాలో కోకో ఎగుమతి ప్రభుత్వ సంస్థ కోకోబోర్డ్ చేతిలో ఉంటుంది. పంట కోతకు రాకముందే అది చాలా భాగాన్ని విదేశీ వ్యాపారులకు అమ్మేసేది. ఆ ఒప్పందాలనే హామీగా చూపి విదేశీ బ్యాంకుల దగ్గర డాలర్లు తెచ్చి, ఆ డబ్బుతోనే రైతు దగ్గర గింజలు కొనేది. మూడు దశాబ్దాలు ఇలాగే నడిచింది. విత్తనాలకు, పురుగుమందులకు అప్పిచ్చిన వ్యాపారికే పత్తి తూచే మన రైతు పరిస్థితే ఇది. కాకపోతే అక్కడ అప్పు చేసింది ఒక దేశం.

ధర ఎగబాకేసరికి గింజలు పాత రేటుకు అమ్ముడైపోయి ఉన్నాయి. పైగా తెగుళ్లు, వాతావరణం, తోటల్ని తవ్విపారేసే అక్రమ బంగారు గనులు దిగుబడిని దెబ్బతీశాయి. ఒప్పుకున్న సరుకు కూడా పూర్తిగా ఇవ్వలేకపోయారు. కొంత పంట దొంగచాటుగా సరిహద్దు దాటి పొరుగు దేశాలకు పోయింది. రైతును తప్పుపట్టలేం.

ముందస్తు అమ్మకం తెలివితక్కువ పని కాదు. 2024 డిసెంబరులో 12,000 డాలర్లు దాటిన ధర ఏడాది తిరిగేసరికి సగానికి పడిపోయింది. అలాంటప్పుడు ఆ ఒప్పందమే రైతుకు గొడుగు. మా అభ్యంతరమల్లా, వేరే దారి లేక అలా అమ్ముకోవలసి రావడం మీదే. 2022 డిసెంబరులో చాలావరకు విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేశాక ఘానాకు కొత్త అప్పు పుట్టడం కష్టమైంది. 2024లో కోకోబోర్డ్ విదేశీ బ్యాంకుల రుణం మానేసి, కొనుగోలుదారులే ముందుగా డబ్బు పెట్టే పద్ధతికి మారింది. బ్యాంకు పోయి వ్యాపారి వచ్చాడు, అంతే.

ముడి గింజలు కాదు, చాక్లెట్ అమ్ముకోండి అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. 2024లో చాలాకాలం ఘానా కేంద్ర బ్యాంకు కీలక వడ్డీ రేటు 29 శాతం. ఆ వడ్డీకి అప్పు తెచ్చి ఫ్యాక్టరీ పెట్టేదెవరు?

బోర్డు ఎత్తేస్తే సరిపోతుందా అంటే, అలాంటి బోర్డు లేని మన ఏలూరు జిల్లా కోకో రైతుల్ని అడగాలి. 2024లో మార్కెట్ ధర వాళ్లకు బాగానే అందింది. 2025లో కొనేవాళ్లు వెనకడుగు వేస్తే ధర కోసం రోడ్డెక్కారు. అందుకే ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ఘానాలో సీజన్ పెట్టుబడికి స్థానిక కరెన్సీలో, తక్కువ వడ్డీకి రుణం ఇవ్వాలి. పంటను తాకట్టు అడగకూడదు. ధర పెరిగితే అందులో ఎంత వాటా రైతుకు చేరాలో సీజన్ మొదట్లోనే కోకోబోర్డ్ రాతపూర్వకంగా ప్రకటించాలి.