నొప్పి లేదు కదా అని ఆగకండి

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే మన ఇళ్లల్లో ఆడవాళ్లు ముందు అనేది ఒకటే, నొప్పేం లేదు కదా, అదే పోతుందిలే అని. మాకు భయం ఈ మాటతోనే. ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు, నొప్పి వచ్చేదాకా ఆగితే అప్పటికి చంకలోకి కూడా పాకి ఉండొచ్చు. బిడ్డ పెళ్లి కానీ, బతుకమ్మ వెళ్లిపోనీ అనుకుంటూ నెలలు గడిపేసి, చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని సర్కారు క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జేకి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. 2022లో మన దేశంలో దాదాపు 1.92 లక్షల మందికి కొత్తగా ఇది బయటపడింది, 98 వేల మంది దాకా పోయారు.

మా ఇంట్లో ఎవరికీ లేదు అనే ధీమా కూడా వద్దు. వంశం నుంచి వచ్చేవి వందలో ఐదో పదో అంతే.

మన చేతిలో ఉన్నవీ ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక ఒంట్లో కొవ్వే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది, అది ఈ క్యాన్సర్ రిస్కు పెంచుతుంది కాబట్టి బరువు పెరగకుండా చూసుకోవాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి, దానికి కేబీఆర్ పార్కే అక్కర్లేదు, గల్లీలో చెమట పట్టేలా నడిచినా చాలు. బిడ్డకి పాలివ్వడం తల్లికీ మంచిదే. మందు తాగడం కొంచెమైనా రిస్కే. ఇవన్నీ పాటించినా కొందరికి వస్తుంది, అది వాళ్ల తప్పు కాదు, ఆ మాట ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పాలి.

ముంబై బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు ఒక స్టడీ నడిచింది. మెషీన్లు లేవు, ట్రైనింగ్ ఇచ్చిన ఆడవాళ్లు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు, అంతే, 50 దాటినవాళ్లలో ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మనకి బస్తీ దవాఖానాలు ఉన్నాయి, 30 దాటిన ఆడవాళ్లకి ఈ పరీక్ష చెయ్యాలని కేంద్రం ప్రోగ్రామే చెప్తోంది. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని అక్టోబర్‌లో చార్మినార్‌కి గులాబీ లైట్లు వేస్తే మంచిదే, కానీ మేం సర్కారుని అడిగేది ప్రతి దవాఖానాలో పరీక్ష చెయ్యడం నేర్చిన ఒక నర్సమ్మ, తలుపు వేసుకునే ఒక గది. గడ్డే కాదు, చర్మం సొట్టపడ్డా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా దవాఖానాకి వెంటనే వెళ్లండి, అక్కా, మీ ఆయన్నో కొడుకునో వెంటపెట్టుకుని మరీ.